శౌచమా? వెలివేతయా?

మనుష్యుడు చాలవరకు ఆచారమును పట్టుకొనియే జీవించుచున్నాడు. ప్రతి తరమువారును ప్రతి విషయమును మొదటినుండి తామే పరీక్షించి తెలిసికొనవలసి వచ్చినచో ఒక జీవితకాలము చాలదు. అందుచే పూర్వుల యనుభవసారము ఆచారరూపమున మనకు సంక్రమించుచున్నది. దీనిని గుర్తించియే మన ధర్మశాస్త్రకారులు శ్రుతికిని స్మృతికిని తోడుగా సదాచారమును గూడ ధర్మమునకు మూలముగా పేర్కొనిరి. కాని వారు ‘ఆచారము’ అని యూరకొనలేదు. ‘సత్’ అను విశేషణమును చేర్చిరి. ఆ చిన్న మాటలో ఒక పెద్ద బాధ్యత యిమిడియున్నది. ఏది సదాచారము, ఏది యాచారమాత్రము అని విచారించు భారము ప్రతి తరమువారి మీదను పడుచున్నది.

ఆ భారమును దింపుకొని, ‘పెద్దలు చేసిరి గనుక మేమును చేయుచున్నాము’ అని యూరకున్నచో ఏమి జరుగును? సామాన్యముగా పెద్ద కీడేమియు జరుగక పోవచ్చును. కాని కొన్నియెడల ప్రాణములే పోవును. స్త్రీల దేహధర్మమునకు సంబంధించిన యొక యాచారమును తీసికొని ఈ విషయమును కొంత విచారింతము. ఇది బహిరంగముగా మాటలాడదగిన విషయము కాదని కొందరనుకొనవచ్చును. ఆ మౌనమే ఈ కీడునకు ఇంతకాలము రక్షగా నిలిచినది.

దూరపశ్చిమ నేపాళమున

నేపాళదేశపు పశ్చిమభాగమున అఛాం, బాజురా, డోటి మొదలగు కొండజిల్లాలలో ‘ఛౌపడి’ యను ఆచారము చిరకాలముగా నున్నది. ‘ఛౌ’ అనగా అచ్చటి మాటలో ముట్టు. మన తెలుగునాట ముట్టైన స్త్రీని ‘బయట చేరినది’ అందురు. మన యిండ్లలో ఆ ‘బయట’ యనునది తరచుగా పెరటి వసారాయో, ఒక మూలగదియో మాత్రమే. అచ్చట ‘బయట’ అనగా నిజముగా బయటయే. ఇంటికి ఎడముగా, రాళ్లును మట్టియు పేర్చి కట్టిన చిన్న గుడిసె; దానికి కిటికీ యుండదు; వంగి దూరవలసిన వాకిలి; నేలమీద కొంత గడ్డి. కొన్నియెడల అదియు లేక పశువుల కొట్టమే గతి. నాలుగు మొదలు ఏడు దినములవరకు స్త్రీ అందు పడుకొనవలెను. ఊరి నీటికుళాయిని తాకరాదు. పాలు, పెరుగు, నేయి తినరాదు. ఆమె చెట్టును తాకినచో కాయలు రాలుననియు, ఆవు పాలీయదనియు, ఇంటి పెద్దను తాకినచో అతడు జబ్బుపడుననియు, దేవతలు కోపించి ఊరిమీదికి విపత్తు తెత్తురనియు నమ్మకము. ప్రసవించిన స్త్రీయు పసికందును ఒడిలో పెట్టుకొని పది పదునొకండు దినములు ఇట్లే గడపవలెను.

ఇది విశ్రాంతియా యని యడుగవచ్చును. కాదు. వంటయు పూజయు లేవు గాని, కట్టెలు మోయుట, గడ్డి కోయుట, పొలముపని తప్పవు. దేహము నలసట పెట్టు పనులన్నియు ఆమెకు విహితములే. దేహమునకు సుఖమిచ్చు నిల్లు, పడక, పాలు మాత్రము నిషిద్ధములు.

చలికాలమున ఆ కొండలలో రాత్రులు అతిశీతలములు. స్త్రీ గుడిసెలో చలిమంట వేసికొని వాకిలి మూసికొనును. గాలి చాలక మండు నిప్పునుండి కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములో ప్రాణవాయువు చేరవలసిన స్థానమును ఆక్రమించును. నిద్రించిన మనిషి నిద్రలోనే పోవును. 2016 డిసెంబరులో అఛాం జిల్లాలో పదునైదేండ్ల బాలిక యిట్లే మరణించినది. 2017 జూలైలో దైలేఖ్ జిల్లాలో ఒక యువతి కొట్టములో పాము కరచి చనిపోయినది. 2019 జనవరిలో బాజురా జిల్లాలో ఒక తల్లియు, ఆమెతో పడుకొనిన యిద్దరు చిన్న కుమారులును తెల్లవారుసరికి విగతజీవులై యుండిరి. ఆ బాలురకు ఏ శాస్త్రము ప్రకారమును ఏ మైలయు లేదు. చలి, పాము, పొగ — ఇవిగాక, ఒంటరిగా నున్న స్త్రీపై దుర్మార్గుల దౌర్జన్యము. కొట్టపు తేమలో పసిబిడ్డలకు వచ్చు ఊపిరితిత్తుల వ్యాధులు. ఇవి యెవరి లెక్కలలోను చేరకయే పోయిన సందర్భములు అనేకములు.

ఇది పొరుగుదేశపు వింత యని మనము తల త్రిప్పుకొన వీలులేదు. మహారాష్ట్రమున గడ్చిరోలి అడవులలో గోండు పల్లెలకు ‘కుర్మాఘర్’ అను ముట్టుగుడిసెలు కలవు. మడకశిర, హిందూపురములకు సరిహద్దుననే యున్న తుమకూరు జిల్లాలో, ఒక గొల్లరహట్టిలో, 2023 జూలైలో ఊరి వెలుపలి గుడిసెలో బాలింతతోపాటు ఉంచబడిన నెల దాటని పసిపాప జలుబు ముదిరి మరణించినది. మన పట్టణములలో గుడిసెలు లేవు. కాని గుడిసెను కట్టించిన భావము ఎన్ని యిండ్లలో ఇంకను నిలిచియున్నదో ఎవరికి వారే యోచించుకొనవలెను.

దేహధర్మము

గర్భాశయపు లోపలి పొర ప్రతినెలయు రాబోవు శిశువునకు పడకగా సిద్ధమగుచుండును. శిశువు రానప్పుడు ఆ పొర విడిపోయి కొంత రక్తముతో వెలువడును. ఒక్కొక్కమారు పోవునది సామాన్యముగా 30 మొదలు 80 మిల్లీలీటర్లవరకు మాత్రమే. అందు విషము లేదు. అది చెట్టును వాడ్చదు, పాలను విరువదు. తొమ్మిది నెలలు మనలను పోషించినదియు ఈ యేర్పాటే.

ఈ విషయమున అజ్ఞానము ఒక మతమువారికో, ఒక దేశమువారికో ప్రత్యేకమని తలపరాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమనుడైన ప్లినీ తన ప్రకృతిచరిత్రలో, ముట్టైన స్త్రీ సమీపించినచో ద్రాక్షరసము పులియుననియు పైరు మాడుననియు వ్రాసెను. అంతయేల? 1920 లో వియన్నా నగరమున బేలా షిక్ అను ప్రసిద్ధ వైద్యుడు, ముట్టైన స్త్రీ చేతిలో పూవులు వాడుచున్నవి గనుక ఆమె దేహమున నొక విషము పుట్టుచున్నదని ప్రకటించెను. ఆ విషము ఉన్నదని తరువాతి పరిశోధనలు స్థాపింపలేకపోయినవి. భయమునకు కొన్నియెడల ధర్మశాస్త్రపు వేషము దొరకును. కొన్నియెడల విజ్ఞానశాస్త్రపు వేషము దొరకును. వేషమేదైనను లోపలనున్నది భయమే.

శాస్త్రము ఏమనుచున్నది?

మన స్మృతులలో రజస్వలకు నియమములు లేవని చెప్పుట సత్యము కాదు. కలవు. తైత్తిరీయసంహితలోనే ఆ నియమములకు మూలమైన కథ కలదు. త్వష్ట కుమారుడగు విశ్వరూపుని వధించి ఇంద్రుడు బ్రహ్మహత్యాపాతకమును పొందెను. దానిని మోయలేక భూమిని, వృక్షములను, స్త్రీలను ప్రార్థించి తలా మూడవపాలు పంచెను. భూమికి అది బీటలుగాను, వృక్షములకు బంకగాను, స్త్రీలకు రజస్సుగాను పరిణమించెను. అందుకు ప్రతిగా భూమి త్రవ్వినను పూడుననియు, చెట్టు నరికినను చిగిర్చుననియు, స్త్రీలు సంతానవతులగుదురనియు వరములు లభించెను.

ఈ కథను ఛౌపడిని సమర్థించుటకు చెప్పువారు కలరు. కాని కథను తిన్నగా వినుడు. పాపము చేసినవాడు ఇంద్రుడు. దానిని మోసినవారు ఇతరులు. తనది కాని పాపమును, అడిగినంతనే, పంచుకొని మోసినవారికి మనమీయవలసినది కృతజ్ఞతయా, వెలివేతయా? మరియొక విశేషము. మువ్వురు పంచుకొనిరి గదా. బీటలు వారినదని భూమిని విడిచి యెవడైనను ఆకాశమున నిలిచెనా? బంక కారుచున్నదని చెట్టునీడను విడిచెనా? ముగ్గురిలో ఒక్క స్త్రీని మాత్రమే ఇంటినుండి వెడలగొట్టుట ఆ కథ చెప్పిన మాట కాదు. అది మనము చేర్చుకొనిన మాట.

మనుస్మృతి దేహమలములు పండ్రెండని లెక్కించినది. ఆ పట్టికలో రక్తము కలదు. దానితోపాటు చెమట, కన్నీరు, చెవిగుబిలి, శ్లేష్మము గూడ కలవు. పండ్రెండింటిలో ఒక్కటియు స్త్రీకే చెందినదని చెప్పబడలేదు. అవి మనుష్యుల మలములు. కన్నీరు కార్చినవానిని ఊరివెలుపల నుంచుట లేదు. పైగా ఆ స్మృతియే జలముచే అవయవములును, సత్యముచే మనస్సును శుద్ధి పొందునని చెప్పుచు, శౌచమునకు అంతరంగమున మెట్లున్నవని చూపినది. పతంజలి శౌచమును నియమములలో చేర్చెను. నియమమనగా సాధకుడు తనకు తాను విధించుకొనునది. తన శౌచముకొరకు మరియొకరిని చలిలోనికి త్రోయుట నియమము కాజాలదు. అది యమములలో మొదటిదగు అహింసకే భంగము. అహింసను చెరచి సంపాదించు శౌచము మొదటి మెట్టును విరుగగొట్టి రెండవ మెట్టెక్కజూచుట వంటిది.

పరాశరస్మృతిలో ఒక చక్కని విధి కలదు. రోగియైనవారికి శుద్ధిస్నానము విధింపబడినచో, రోగికి బదులు ఆరోగ్యవంతుడొకడు పదిమార్లు స్నానముచేసి, ప్రతిమారును రోగిని తాకవలెనట. అంతటితో రోగి శుద్ధుడగును. ఈ విధిలోని హృదయమును గమనింపుడు. స్మృతికారుడు శౌచమును విడువలేదు. కాని దాని భారమును మోయలేనివాని మీదనుండి తీసి, మోయగలవాని మీద పెట్టెను. చన్నీటి మునుకలు పది ఆరోగ్యవంతునికి. స్పర్శ మాత్రమే రోగికి. ఆ స్మృతియే ఆపదయందును రోగమునందును ముందు దేహమును రక్షించుకొని, పిదప ధర్మమును ఆచరింపుమని స్పష్టముగా విధించినది. ఛౌపడి దీనికి సరిగా విపర్యయము. అందు భారమంతయు నెత్తురు పోగొట్టుకొనినదాని మీద, నిన్న ప్రసవించినదాని మీద, సౌఖ్యమంతయు ఆరోగ్యవంతులది.

గీత పదునేడవ అధ్యాయమున భగవానుడు శాస్త్రవిహితము కాని ఘోరతపస్సుచే దేహమునందలి భూతసమూహమును, అందు అంతర్యామిగా నున్న తననుగూడ కృశింపజేయువారిని ఆసురనిశ్చయులని పేర్కొనెను. పరులను బాధించుటకై చేయు తపస్సు తామసమని గూడ ఆ అధ్యాయముననే చెప్పెను. స్వయముగా కోరి చేసినదానికే ఈ నింద యున్నచో, పరులచే బలవంతముగా చేయింపబడు దానిగురించి చెప్పనేల?

భక్తుల మాట

ఈ విచారము నేటి నాగరికులు క్రొత్తగా తెచ్చినది కాదు. 12వ శతాబ్దమున కర్ణాటకమున బసవేశ్వరుడును ఆయనతోడి శరణులును పంచసూతకములను త్రోసిపుచ్చిరి. పుట్టుక, చావు, ఎంగిలి, జాతి — వీనితోపాటు రజస్సువలన కలుగు మైలయు ఆ యైదింటిలో నొకటి. లింగధారణము చేసిన స్త్రీ ఏ దినమునను పూజకు అనర్హురాలు కాదని వారి సిద్ధాంతము. ఆ శరణుల కథలను పాలకురికి సోమనాథుడు బసవపురాణమున తెలుగువారికి అందించెను. 14వ శతాబ్దమున మహారాష్ట్రమున చోఖామేళుని భార్య సోయరాబాయి, జాతిచే అంటరానిదిగాను స్త్రీగాను రెండు విధముల మైల నిందను మోసినది, తన అభంగములలో దేహపు మైలను గూర్చి ప్రశ్నించినది: దేహమున మైల లేకుండ పుట్టినవాడెవడు? ఆత్మకు మైల యెక్కడిది?

శ్రీరామకృష్ణుల జీవితమున నొక చిన్న సంఘటన కలదు. శారదాదేవి ఆ దినములలో ఆయనకు వంట చేయుట మానగా, ఇతరుల వంట పడక ఆయన ఉదరబాధ పొందిరి. కారణము తెలిసికొని, దేహమున చర్మము, మాంసము, ఎముక, మజ్జ — వీనిలో ఏది యపవిత్రమని ప్రశ్నించి, పవిత్రత యపవిత్రతలు మనస్సున నున్నవి గాని వెలుపల లేవని చెప్పి, ఆమెనే వండుమనిరి. ఆచారమును తేలికగా త్రోసివేయువారు కారు ఆయన. కనుకనే ఆ మాటకు విలువ యెక్కువ.

ఒకే భావము, రెండు మార్గములు

మరియొక విషయము మనలను ఆశ్చర్యపరచును. రజస్సును భయముతో చూచిన యీ సంస్కృతియే దానిని భక్తితోను చూచినది. అస్సాములో గౌహతి చెంత కామాఖ్యాదేవి యాలయము ఆషాఢమున అంబువాచి సమయమున మూడుదినములు మూయబడును; ఆ దినములలో దేవి రజస్వల యని భావింతురు. తలుపులు తెరచునాటికి లక్షలకొలది భక్తులు వేచియుందురు; దేవి వస్త్రఖండము మహాప్రసాదము. కేరళమున చెంగన్నూరు ఆలయమునను అమ్మవారికి ఇట్టి యుత్సవము కలదు. ఒడిశాలో జూన్ నడుమ వచ్చు ‘రజ’ పండుగ మూడుదినములు భూదేవికి విశ్రాంతి. నాగలి కదలదు, నేల త్రవ్వరు. బాలికలు క్రొత్తబట్టలు కట్టి ఉయ్యాలలూగుదురు, పిండివంటలు తిందురు.

ఇచ్చట భూమికి విశ్రాంతి, అచ్చట స్త్రీకి వెలి. రెంటికిని మూలము ఒక్కటే భావము: సృష్టిశక్తికి దగ్గరగా నున్నది సామాన్యముగా చూడదగినది కాదు. ఆ భావము ప్రేమతో కలిసినచో ఉయ్యాలయైనది. భయముతో కలిసినచో గుడిసెయైనది. కాబట్టి మన యెదుటనున్న ప్రశ్న సంప్రదాయమును ఉంచుటయా, విడుచుటయా యని కాదు. సంప్రదాయములో ఏ ధారను పట్టుకొందుమనునదే.

మన తెలుగు యిండ్లలో బాలిక పెద్దమనిషియైనప్పుడు నువ్వులు, బెల్లము దంచి చిమ్మిలి చేసి పెట్టుట యున్నది. ఇది ప్రేమధార. ఎదుగు దేహమునకు బలము, ఇనుపధాతువు కావలెనని పూర్వపు తల్లులు అనుభవముచే నెరిగిరి. ఆ బాలికనే ఒక మూల చాపమీద కూర్చుండబెట్టి, ‘ఎవరిని ముట్టుకొనకుము, నీవు మైల’ అని చెప్పుట మరియొక ధార. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల భారతస్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనత గలవారని తేలినది. ఇట్టి దేశమున ఆ దినములలో స్త్రీకి తిండి తగ్గించునట్టి నియమము ఎంత వింతదో వేరుగ చెప్పనక్కరలేదు. చిమ్మిలిని ఉంచుదము, చాపను చుట్టిపెట్టుదము.

విశ్వాసమా? భయమా?

ఇంతవరకు చెప్పినది సులభమైన భాగము. కఠినమైన ప్రశ్న ఇక వచ్చుచున్నది. ఆ గుడిసెకు పోవు స్త్రీలలో అనేకులను ఎవరును ఈడ్చుకొని పోవుటలేదు. వారు తామై పోవుచున్నారు. ‘నేను ఇంటిలో పడుకొనినచో మామగారు జబ్బుపడుదురేమో, ఆవు చనిపోవునేమో, నా బిడ్డకే కీడు వచ్చునేమో’ అని ఆమె మనస్సు కొట్టుకొనును. ఇంటివారి మీది ప్రేమయే ఆమెను ఇంటినుండి వెడలించుచున్నది. అట్టి విశ్వాసమును తప్పుపట్టుటకు మనకధికారమేమి? ఒకరి శ్రద్ధను చెరచుట పాపము కాదా?

శ్రద్ధ వేరు, భయము వేరు. శ్రద్ధ మనిషిని పెద్దచేయును; విచారణకు అది వెరవదు. నచికేతుడు శ్రద్ధావంతుడే గనుక మృత్యువునే ప్రశ్నించెను. భయము విచారణను సహింపదు. ‘అడిగినచో కీడగును’ అనునదే దాని యేకైక వాదము. త్యాగము గొప్పది. కాని త్యాగము చేయువారికి తాము దేనికొరకు దేనిని త్యజించుచున్నారో తెలిసియుండవలెను. అబద్ధము చెప్పి ఒకని ధనము కాజేయుట మోసమైనచో, అబద్ధపు భయము చూపి ఒకతె ఆరోగ్యమును, ప్రాణమును అర్పింపజేయుట ఏమగును? ఆమె ప్రేమ సత్యము. ఆ ప్రేమను వాడుకొనిన కథ అసత్యము. ఆమె ప్రేమను గౌరవించుటయనగా ఆమెకు సత్యము చెప్పుటయే.

ఈ విషయమున అత్తగారి స్థితియు తలచుకొనదగినది. కోడలిని గుడిసెకు పంపునది తరచు ఆమెయే. ఆమెను క్రూరురాలనుట తేలిక. కాని ఆమె తన యౌవనమంతయు అట్టి గుడిసెలలోనే నెలనెలా చలికి వణకుచు గడపినది. బిడ్డలను అచ్చటనే ఒడిలో పెట్టుకొని రాత్రులు మేల్కొన్నది. ‘ఇది యనవసరము’ అని నేడొప్పుకొన్నచో, తాను పడిన కష్టమంతయు వ్యర్థమని యొప్పుకొనవలెను. బహుశః పోయిన బిడ్డ యొకటి ఆమె జ్ఞాపకమున నుండవచ్చును. ఆ మరణమునకు అర్థము లేదని యొప్పుకొనవలెను. అది మనుష్యహృదయమునకు ఎంత దుర్భరమైన పని! తాను పడిన బాధను సార్థకము చేసికొనుటకై మనిషి దానిని ఆచారమని పేరుపెట్టి తరువాతివారికి అందించును. బాధ యిట్లు తరతరములు సాగును. కావున సంస్కర్తకు ముందు కావలసినది అపహాస్యము కాదు, కరుణ. ఆ వృద్ధురాలితో, ‘అమ్మా, నీవు పడిన కష్టము నీ ప్రేమకు గుర్తు, ఆ ప్రేమకు ఈ గుడిసె అక్కరలేదు’ అని చెప్పగలవాడే ఆ వాకిలి మూయగలడు.

ఒక యాచారము సత్తా, కాదా యని తెలిసికొనుటకు మూడు ప్రశ్నలు చాలును. మొదటిది: దీని భారము నెవరు మోయుచున్నారు? విధించువారును మోయువారును వేరువేరైనచో, అనుమానింపవలెను. మీమాంసకులు సైతము లోభము వంటి లౌకికకారణము కనబడు స్మృతివాక్యమునకు ప్రామాణ్యము లేదనిరి. రెండవది: దీనిని విడిచినచో కలుగునని చెప్పబడు కీడు నిజముగా కలుగుచున్నదా? కొట్టానుకోట్ల యిండ్లలో స్త్రీలు ఇంటిలోనే నిద్రించుచున్నారు. వారి ఆవులు పాలిచ్చుచునే యున్నవి. మూడవది గీత ఆరవ అధ్యాయమునందలి ఆత్మౌపమ్యము: సుఖదుఃఖములందు ఇతరులను తనవలె చూచువాడు పరమయోగి. మాఘమాసపు రాత్రి ఆ గుడిసెలో తాను పడుకొనుట కిష్టపడని పురుషుడు తన భార్యను, కూతురును అందు పడుకొనబెట్టు అధికారమును ఎచ్చటినుండి పొందెను?

చట్టము, మనస్సు

నేపాళమున సర్వోన్నత న్యాయస్థానము 2005 లోనే ఛౌపడిని నిర్మూలింపుమని ప్రభుత్వము నాదేశించినది. 2017 లో పార్లమెంటు ఆమోదించిన నేరస్మృతి, 2018 ఆగస్టునుండి, స్త్రీని బలవంతముగా ఇట్లు పంపువారికి మూడు నెలల చెరగాని, 3,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధించినది. 2019 డిసెంబరులో అఛాం జిల్లాలో మరియొక యువతి మరణించినప్పుడు ఆమె బంధువొకడు నిర్బంధింపబడెను. ఆ పిమ్మట వేలకొలది గుడిసెలు కూల్చబడినవి.

ఇది యంతయు కావలసినదే. దుర్బలులకు చట్టము రక్ష. అయినను గుడిసెలు కూలిన పిదప కొన్ని గ్రామములలో అవి మరల లేచినవి. కొన్నియెడల స్త్రీలు గుడిసె లేక కొట్టములలోను, ఆరుబయటను పడుకొనవలసి వచ్చినది. రాతిగోడను ఒకనాటిలో పడగొట్టవచ్చును. ‘నేను ఇంటిలో నున్నచో నావారికి కీడు’ అను గోడ ఆమె హృదయములోనే యున్నది. దానిని పారతో పడగొట్టలేము.

దానికి పని చేయవలసినవారు అనేకులు. బాలికలకు మొదటి ముట్టుకు ముందే తల్లులును ఉపాధ్యాయినులును దేహధర్మమును తేటగా చెప్పవలెను. భయపడిన మనస్సునకు వచ్చిన మొదటి మాట ‘మైల’ అనునది కాకూడదు. గ్రామమున దేవతాపూజ చేయువారు నోరు తెరచి, దేవత కోపింపదని చెప్పవలెను; వారి యొక్క మాట వైద్యుల నూరు మాటలకంటె త్వరగా చొచ్చుకొనిపోవును. పురుషులును ఊరకుండరాదు. భార్య యింటిలో పడుకొనిన రాత్రి తానును ఆ యింటనే నిశ్చింతగా నిద్రించి లేచిన భర్త, వాదముచే కాక యనుభవముచే ఊరివారికి సమాధానము చెప్పగలడు. విశ్రాంతి కోరు స్త్రీకి విశ్రాంతి నీయుడు. పూజ కోరు స్త్రీని ఆపకుడు. ఏకాంతము కోరినచో వెచ్చని గదిలో ఏకాంతము నీయుడు. ఆమె కోరినది యిచ్చుట గౌరవము. ఆమె కోరనిది విధించుట వెలి. ఈ భేదము గుర్తున్నంతవరకు ఏ నియమముచేతను ప్రాణహాని కలుగదు.

శౌచము దైవసన్నిధికి పోవుటకై మనము చేసికొను సిద్ధత. ఆ సన్నిధి సర్వభూతములలో నున్నదని మన శాస్త్రములన్నియు ఏకకంఠముగా చెప్పుచున్నవి. అట్లయినచో చలిగుడిసెలో బిడ్డను హత్తుకొని మేల్కొనియున్న తల్లిలోను అది యున్నది. ఆమెను లోపలికి పిలిచి, అగ్గి ప్రక్కన చోటిచ్చి, వెచ్చని పాలు త్రాగనిచ్చిన యిల్లే ఆ రాత్రి శుచియైన యిల్లు.